ప్లగిన్‌లో సాఫ్ట్ డిలీట్: ఒక్క కాలమ్‌తో అయిపోతుందా?

రాత్రిబండి
అందరికీ నమస్కారం. వర్డ్‌ప్రెస్‌కి ఈవెంట్ రిజిస్ట్రేషన్ ప్లగిన్ ఒకటి రాసి నడుపుతున్నాను. సొంత టేబుళ్లు మూడు: ఈవెంట్లు, వాటి కింద రిజిస్ట్రేషన్లు, ఒక్కో రిజిస్ట్రేషన్ కింద ఫారంలో నింపిన జవాబులు. ఇప్పటిదాకా డిలీట్ అంటే డిలీటే. నొక్కితే పోయినట్టే.

పోయిన వారం ఒక కస్టమర్ పాత ఈవెంట్ అనుకుని రాబోయేదాన్ని తుడిచేశాడు. పేర్లిచ్చిన వాళ్ల జాబితా మొత్తం దాంతోపాటే పోయింది. బ్యాకప్ ఉంది గానీ నాలుగు రోజుల కిందటిది. మధ్యలో వచ్చిన పేర్లని నోటిఫికేషన్ మెయిళ్లలోంచి ఒక్కొక్కటిగా ఏరి చేత్తో ఎక్కించాం. ఇక నావల్ల కాదు, సాఫ్ట్ డిలీట్ (నిజంగా తీసేయకుండా, తుడిచినట్టు గుర్తు పెట్టి దాచడం) పెట్టేస్తాను.

మూడు టేబుళ్లకీ ఈజ్_డిలీటెడ్ అని ఒక కాలమ్. మామూలుగా 0, డిలీట్ నొక్కితే 1. చూపించేటప్పుడు 0 ఉన్నవే చూపిస్తాను. ఒక పూట పని అనుకుంటున్నాను. ఏమైనా మర్చిపోతున్నానా?

సెమీకోలన్
"ఒక పూట పని" అన్న మాటని దాచిపెట్టుకుంటున్నా బ్రో. నెల తర్వాత ఇక్కడే చూపిస్తా.

పాతచొక్కా
వెక్కిరింపే అయినా అందులో విషయం ఉంది. కాలమ్ కలపడానికి పూట కూడా అక్కర్లేదు. ఆ టేబుల్ని చదివే ప్రతిచోటా "తుడిచినవి నాకొద్దు" అని చెప్పడమే అసలు పని. అడ్మిన్ జాబితా ఒక్కటే కాదు కదా. మిగిలిన సీట్లు లెక్కపెట్టే క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ఉంటుంది, సీఎస్‌వీ ఎగుమతి ఉంటుంది, రిమైండర్ మెయిళ్లు పంపే క్రాన్ (వేళకి దానంతట అదే నడిచే పని) ఉంటుంది, రెస్ట్ ఏపీఐ (వేరే ప్రోగ్రాంలు డేటా అడిగే దారి) ఉంటుంది, ఎప్పుడో రాసి మర్చిపోయిన డాష్‌బోర్డు విడ్జెట్ కూడా ఉంటుంది. టేబుల్ పేరు పెట్టి కోడంతా ఒకసారి వెతుకు. ఎన్నిచోట్ల తగిలిందో చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకోటి, ఈజ్_డిలీటెడ్ వద్దు. డిలీటెడ్_ఎట్ పెట్టు. నల్ (ఖాళీ) అయితే ఉన్నట్టు, తేదీ ఉంటే తుడిచినట్టు. ఎప్పుడు తుడిచారో తెలియకపోతే రేపు ట్రాష్ ఖాళీ చేసేటప్పుడు దేన్ని చూసి చేస్తావు? పక్కనే డిలీటెడ్_బై కూడా ఉండనీ. "నేను నొక్కలేదండీ" అనే కస్టమర్ ఎలాగూ వస్తాడు.

రాత్రిబండి
వెతికాను. 37 చోట్ల. అందులో నాలుగు జాయిన్లు (టేబుళ్లని కలిపి చదివే క్వెరీలు). రెండైతే అసలు నేనే రాశానా అనిపించాయి.

లారవెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లో ఒక ట్రెయిట్ (రెడీమేడ్ కోడ్ ముక్క) తగిలిస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది కదా. అలాంటిది ఇక్కడ రాసుకోవచ్చా?

పాతచొక్కా
రాసుకోవచ్చు. కాకపోతే లారవెల్‌లోనూ ఆ మాయ అన్నిచోట్లా పనిచేయదు. దాని ఎలోక్వెంట్ మోడల్ (టేబుల్‌కి ప్రతినిధిగా ఉండే క్లాస్) గుండా వెళ్లే క్వెరీకే ఆ వడపోత తగులుతుంది. డీబీ టేబుల్ అంటూ నేరుగా రాస్తే తుడిచినవీ వచ్చేస్తాయి. అక్కడ చాలామంది పడతారు. రూబీ భాషలో రైల్స్ వాడేవాళ్లదీ ఇదే తంటా. పారనోయా అనే జెమ్ (లైబ్రరీ) ఉంది, డిలీట్, డిస్ట్రాయ్ మెథడ్ల అర్థాన్నే మార్చేస్తుంది. ఇప్పుడు దాని రీడ్‌మీలోనే కొత్త ప్రాజెక్టులకి ఇది వాడొద్దు, డిస్కార్డ్ అనే ఇంకో జెమ్ చూడండి అని రాసి ఉంటుంది. డిస్కార్డ్ తనంతట తాను ఏదీ దాచదు. "ఉన్నవే కావాలి" అని నువ్వే అడగాలి.

నీ ప్లగిన్‌కి అంత హంగు అక్కర్లేదు. టేబుల్‌కొక క్లాస్ పెట్టు. ఆ టేబుల్ పేరు ఆ క్లాస్ లోపల తప్ప ఇంకెక్కడా కనపడకూడదు. మామూలుగా అడిగితే ఉన్నవే ఇవ్వాలి, తుడిచినవి కావాలంటే వేరే పేరున్న ఫంక్షన్‌తో అడగాలి. 37 చోట్లనీ దాని గుండా మళ్లించు. విసుగు పనే, కానీ ఒక్కసారే.

జాయిన్ల దగ్గర జాగ్రత్త. లెఫ్ట్ జాయిన్‌లో డిలీటెడ్_ఎట్ షరతుని వేర్‌లో పెట్టకు, ఆన్‌లో పెట్టు. వేర్‌లో పెడితే, రిజిస్ట్రేషన్లు ఉండి అవన్నీ తుడిచేసి ఉన్న ఈవెంట్ జాబితాలోంచే మాయమవుతుంది. దాన్ని పట్టుకోవడానికి నాకు ఒకసారి రెండు రోజులు పట్టింది.

టేబుల్‌రాణి
రిజిస్ట్రేషన్ల మీద యూనిక్ కీ ఏమైనా ఉందా? ఈవెంట్ ఐడీ, ఈమెయిల్ కలిపి?

రాత్రిబండి
ఉందండీ. ఒకే మనిషి ఒకే ఈవెంట్‌కి రెండుసార్లు చేరకుండా. ఎందుకు?

టేబుల్‌రాణి
సాఫ్ట్ డిలీట్ పెట్టిన మర్నాడే అది అడ్డం తిరుగుతుంది. ఒకరు రద్దు చేసుకున్నారు. మీరు డిలీటెడ్_ఎట్‌లో తేదీ వేశారు, వరుస మాత్రం టేబుల్‌లోనే ఉంది. వాళ్లే రేపు మనసు మార్చుకుని మళ్లీ చేరబోతే "ఈ ఈమెయిల్ ఇప్పటికే ఉంది" అంటుంది. అడ్మిన్ వెతికితే ఎక్కడా కనపడదు. మీకు ఫోన్ వస్తుంది.

అడ్డంగీత
యూనిక్ కీలో డిలీటెడ్_ఎట్ కూడా కలిపేస్తే సరిపోదా?

టేబుల్‌రాణి
అందరికీ మొదట తట్టేది అదే, సరిగ్గా తలకిందులుగా పనిచేసేదీ అదే. మైఎస్‌క్యూఎల్ యూనిక్ ఇండెక్స్‌లో ఒక నల్ ఇంకో నల్‌తో సమానం కాదు. ఉన్న వరుసలన్నిటికీ డిలీటెడ్_ఎట్ నల్లే కాబట్టి ఒకే ఈమెయిల్ పదిసార్లు చేరినా ఇండెక్స్ నోరెత్తదు. తుడిచినవాటికి కాపలా, ఉన్నవాటికి ఏమీ లేదు.

పోస్ట్‌గ్రెస్ అయితే డిలీటెడ్_ఎట్ నల్ ఉన్న వరుసలకే వర్తించే పార్షియల్ యూనిక్ ఇండెక్స్ పెట్టేసి చేతులు దులుపుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ సౌకర్యం లేదు. 5.7 నుంచి జనరేటెడ్ కాలమ్‌తో నెట్టుకురావచ్చు గానీ, మీ ప్లగిన్ ఏ సర్వర్ మీద, ఏ వెర్షన్ మీద పడుతుందో మీకే తెలియదు. అందుకని పాత పద్ధతే చెప్తాను. తుడుపు_గుర్తు అని ఒక పూర్ణసంఖ్య కాలమ్, నల్ ఉండకూడదు. వరుస ఉన్నంతకాలం 0. తుడిచినప్పుడు అందులో ఆ వరుస సొంత ఐడీనే వేయండి. యూనిక్ కీ ఈవెంట్ ఐడీ, ఈమెయిల్, తుడుపు_గుర్తు మూడింటి మీద. ఉన్నది ఒక్కటే ఉండగలదు, తుడిచినవి ఎన్నైనా ఉండొచ్చు. ఏ డేటాబేస్‌లోనైనా నడుస్తుంది.

డిలీటెడ్_ఎట్, తుడుపు_గుర్తు రెండూ ఒకే అప్‌డేట్‌లో మారాలి. వేర్‌లో "డిలీటెడ్_ఎట్ ఈజ్ నల్" కూడా పెట్టండి. బటన్ రెండుసార్లు నొక్కితే రెండోసారి మారిన వరుసలు సున్నా అని వస్తుంది, మొదటి తేదీ చెరిగిపోదు.

పాతచొక్కా
దీనికి ఒక తోక. పాత యూనిక్ కీ దానంతట అది పోదు. వర్డ్‌ప్రెస్‌లో టేబుళ్లని మార్చే డీబీడెల్టా ఫంక్షన్ కొత్త కాలమ్ కలుపుతుంది, కొత్త ఇండెక్స్ కలుపుతుంది. పాత ఇండెక్స్‌ని తీయదు. అప్‌గ్రేడ్ కోడ్‌లో డ్రాప్ ఇండెక్స్ నువ్వే రాయాలి. లేకపోతే కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన సైట్లలో అంతా బాగుంటుంది, పాత కస్టమర్ల దగ్గర మాత్రమే విరుగుతుంది. నీ మెషీన్ మీద ఎప్పటికీ కనపడదు.

అడ్డంగీత
ఇదంతా చూశాక నా మాట నేను చెప్తాను, తిట్టుకోకండి. అసలు సాఫ్ట్ డిలీటే ఎందుకు? రిజిస్ట్రేషన్లకి అచ్చం అలాంటిదే ఆర్కైవ్ టేబుల్ ఇంకొకటి పెట్టండి. డిలీట్ నొక్కగానే ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే అన్నీ, లేకపోతే ఏదీ కాదు) అక్కడికి కాపీ చేసి, ఇక్కడ నిజంగా తుడిచేయండి. 37 క్వెరీలూ ముట్టుకోనక్కర్లేదు, యూనిక్ కీ ముట్టుకోనక్కర్లేదు. రికార్డు వెనక్కి రావాల్సిన అవసరం ఎన్నిసార్లు పడుతుంది? నెలకోసారి పడుతుందా? దానికోసం రోజంతా నడిచే ప్రతి క్వెరీకీ తోక తగిలించడం ఏమిటి?

పాతచొక్కా
కొట్టిపారేసే మాట కాదు. వెనక్కి తెచ్చేది డెవలపరే అయితే నేనూ అదే చేస్తాను. కాకపోతే టేబుల్‌కి కొత్త కాలమ్ కలిపిన ప్రతిసారీ రెండుచోట్ల కలపాలి. ఒక్కసారి మర్చిపోతే వెనక్కి తెచ్చిన రికార్డులో ఆ ముక్క ఉండదు. తుడిచేసి చాలాకాలమయ్యాక గానీ బయటపడదు. పైగా ఎవరి సర్వర్లోనైనా ఆ టేబుళ్లు ట్రాన్సాక్షన్లు తెలియని పాత మైఐసామ్ ఇంజిన్‌లో ఉంటే ట్రాన్సాక్షన్ అన్నది మాటవరసకే.

అడ్డంగీత
ఈ రోజుల్లో మైఐసామ్ ఎవరు వాడతారండీ.

పాతచొక్కా
ఎప్పుడో పదిహేనేళ్ల కిందట పెట్టిన సైటుని ఎవరూ కదపకుండా ఉంచితే అదే ఉండొచ్చు. ప్లగిన్ రాసేవాడికి సొంత సర్వర్ ఉండదు నాయనా, ఊరందరి సర్వర్లూ ఉంటాయి.

రాత్రిబండి
అడ్డంగీత గారు చెప్పింది చాలాసేపు ఆలోచించాను. నా కస్టమర్లకి స్క్రీన్ మీద ట్రాష్ ట్యాబ్ కావాలి, వాళ్లే తీసి చూసుకోవాలి, వాళ్లే రీస్టోర్ నొక్కాలి. అందుకని డిలీటెడ్_ఎట్ వైపే వెళ్తున్నాను. క్లాసులు రాయడం మొదలుపెట్టాను. మళ్లీ వస్తా.

సెమీకోలన్
పూట గడిచి ఎన్ని రోజులైంది బ్రో?

రాత్రిబండి
పదకొండు. నవ్వుకో.

అన్నీ పెట్టాను, టెస్ట్ చేశాను, ఒక కస్టమర్‌కి బీటా ఇచ్చాను. నిన్న జరిగింది వినండి. ఆయన ఒక ఈవెంట్‌ని పొరపాటున ట్రాష్ చేసి, అరగంటలో రీస్టోర్ చేశాడు. ఈవెంట్ వచ్చింది, రిజిస్ట్రేషన్లు వచ్చాయి, నేను సంబరపడ్డాను. రాత్రికి రిమైండర్ మెయిళ్లు వెళ్లాయి. అంతకు ముందే రద్దు చేసుకున్న వాళ్లకి కూడా వెళ్లాయి! నేను రాసింది: ఈవెంట్ రీస్టోర్ అయితే దాని కింద డిలీటెడ్_ఎట్ ఉన్న రిజిస్ట్రేషన్లన్నిటికీ నల్ వేసెయ్. ఒక్కొక్కరుగా ముందే తప్పుకున్నవాళ్లు, ఈవెంట్‌తోపాటు పోయినవాళ్లు, అందరూ కలిసి లేచి కూర్చున్నారు.

టేబుల్‌రాణి
ఫారిన్ కీ క్యాస్కేడ్ (పై వరుస పోతే దాని కిందవాటినీ డేటాబేసే తుడవడం) నిజమైన డిలీట్‌కే పనిచేస్తుంది. అప్‌డేట్‌తో తుడిచేటప్పుడు ఆ పని మన కోడే చెయ్యాలి. తుడవడం అందరూ రాస్తారు, ఎవరు దేనివల్ల పోయారో రాసిపెట్టుకోవడం మర్చిపోతారు.

ఇంకో కాలమ్ పెట్టండి, డిలీట్_బ్యాచ్. డిలీట్ నొక్కిన ప్రతిసారీ ఒక కొత్త గుర్తు పుట్టించండి. ఆ ఒక్క నొక్కుతో పోయిన ఈవెంట్, రిజిస్ట్రేషన్లు, జవాబులు అన్నిటికీ అదే గుర్తు వేయండి. అప్పటికే తుడిచి ఉన్నవాటిని ముట్టుకోకండి, వాటి పాత గుర్తు వాటికే ఉండాలి. రీస్టోర్ అంటే "ఈ ఈవెంట్ కిందవన్నీ" కాదు, "ఈ బ్యాచ్‌లో పోయినవన్నీ".

పాతచొక్కా
వర్డ్‌ప్రెస్ కోర్‌లోనే దీనికి నమూనా ఉంది, తీసి చదువు. పోస్ట్‌ని ట్రాష్ చేస్తే దాని కామెంట్ల స్టేటస్‌ని పోస్ట్-ట్రాష్డ్ అని మారుస్తుంది. మార్చేముందు ఏ కామెంట్ ఏ స్థితిలో ఉందో పోస్ట్ మెటాలో రాసిపెట్టుకుంటుంది. పోస్ట్ తిరిగొస్తే స్పామ్‌గా ఉన్నది స్పామ్‌గానే, ఆమోదం కోసం ఆగినది ఆగినట్టే వస్తాయి. పోస్ట్ పాత స్టేటస్, ట్రాష్ చేసిన సమయం కూడా మెటాలోనే. స్లగ్ (లింకులో కనపడే పేరు) చివర ట్రాష్డ్ అన్న తోక తగిలిస్తుంది, అదే స్లగ్‌తో కొత్త పోస్ట్ రాసుకోవడానికి. అంటే టేబుల్‌రాణి గారి తుడుపు_గుర్తుకి అన్నలాంటిది.

5.6 వెర్షన్ నుంచి ఇంకో మార్పు. ట్రాష్‌లోంచి తీసిన పోస్ట్ నేరుగా పబ్లిష్ అవ్వదు, డ్రాఫ్ట్‌గా వస్తుంది. కావాలంటే ఫిల్టర్‌తో మార్చుకోవచ్చు. ఈవెంట్ కూడా అలాగే రానీ. మనిషి ఒకసారి కళ్లతో చూసి, తన చేత్తో తెరిచాకే మెయిళ్లు కదలాలి. నిన్నటి గొడవ అక్కడే ఆగేది.

రాత్రిబండి
డ్రాఫ్ట్‌గా రావడం అసలు తట్టలేదు. రెండూ పెడుతున్నాను.

సపోర్ట్_బల్ల
నేను కోడర్‌ని కాదు, వేరే ప్లగిన్‌కి టికెట్లు చూస్తాను. రీస్టోర్ గురించి ఒకటి అడగాలి. ఇరవై సీట్ల ఈవెంట్. ఒకరిని ట్రాష్ చేశారు, ఆ సీటు ఖాళీ అయింది, ఇంకొకరు చేరారు. ఇప్పుడు మొదటి మనిషిని రీస్టోర్ చేస్తే ఇరవై ఒకటి అవుతారు కదా? మాకు సరిగ్గా ఇలాంటి టికెట్ వచ్చింది. మా డెవలపర్లు రీస్టోర్ అంటే తేదీ చెరిపేయడమే అనుకున్నారు.

టేబుల్‌రాణి
మంచి ప్రశ్న. రీస్టోర్‌ని కొత్త రిజిస్ట్రేషన్‌లాగే చూడాలి. సీటు ఉందా, అదే ఈమెయిల్‌తో ఈలోగా ఇంకొకటి చేరిందా, గడువు దాటిందా, కొత్తవాళ్లకి పెట్టే తనిఖీలన్నీ వీళ్లకీ పెట్టాలి. తుడుపు_గుర్తుని 0 చేయబోతే యూనిక్ కీ ఎలాగూ అడ్డుకుంటుంది, కానీ డేటాబేస్ విసిరే ఎర్రర్‌ని యూజర్ మొహాన కొట్టకూడదు కదా. బ్యాచ్ రీస్టోర్‌లో నలభైమందిలో ఒకరికి గొడవొస్తే ఆ ఒక్కరినీ ట్రాష్‌లోనే ఉంచి, పేరు చూపించి చెప్పండి. మొత్తం ఆపేయొద్దు.

అడ్డంగీత
ఆర్కైవ్ టేబుల్‌కైనా ఈ బాధ తప్పదు, ఒప్పుకుంటున్నాను.

సపోర్ట్_బల్ల
ఇంకొకటి, స్క్రీన్ మీద మాటలు. "డిలీట్" అని రాసి ట్రాష్‌లో పడేస్తే, నిజంగా పోయిందనుకునేవాళ్లు ఉంటారు. "ట్రాష్‌కి పంపు", "శాశ్వతంగా తుడిచెయ్" అని రెండూ వేరుగా రాయండి. "నిజంగా తుడవాలా?" అని అడిగే పెట్టె చదివేవాళ్లని నేను చూడలేదు, అలవాటుగా ఓకే నొక్కేస్తారు. ట్రాష్‌కి పంపేటప్పుడు అది తీసేసి, పైన "ట్రాష్‌కి వెళ్లింది, వెనక్కి తీసుకో" అని ఒక లైను చూపిస్తే మాకు టికెట్లు తగ్గాయి.

పాతచొక్కా
ఇప్పుడు ఖాళీ చేయడం. కోర్‌లో ఎంప్టీ_ట్రాష్_డేస్ అనే కాన్‌స్టంట్ ఉంది, మామూలుగా 30. సైట్ వాళ్లు దాన్ని మార్చి ఉంటే నువ్వూ అదే పాటించు. సున్నా పెట్టినవాళ్లకి కోర్‌లో ట్రాష్ అన్నదే ఉండదు, నేరుగా తుడిచేస్తుంది. ఆ సందర్భంలో ఏం చేస్తావో ముందే తేల్చుకో.

తేదీలు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లోనే వెయ్యి, వేసేదీ పోల్చేదీ పీహెచ్‌పీ వైపు నుంచే. ఒకచోట పీహెచ్‌పీ టైమ్, ఇంకోచోట మైఎస్‌క్యూఎల్ నౌ వాడితే రెండు గడియారాలు అవుతాయి.

ఒకేసారి లక్ష వరుసలు తుడవకు. ముందు జవాబులు, తర్వాత రిజిస్ట్రేషన్లు, ఆఖరున ఈవెంట్, ఐదొందల చొప్పున. వర్డ్‌ప్రెస్ క్రాన్ ఎవరైనా సైట్‌కి వస్తేనే కదులుతుంది, కాబట్టి "సరిగ్గా 30 రోజులకి" అని ఎక్కడా మాటివ్వకు. ప్లగిన్ డీయాక్టివేట్ చేస్తే ఆ షెడ్యూల్‌ని తీసేయడం మర్చిపోకు.

హుక్‌లు (వేరే ప్లగిన్లు తమ కోడ్ తగిలించుకునే చోట్లు) కూడా రెండు జతలుగా ఉండాలి, ట్రాష్‌కి ఒకటి, శాశ్వత డిలీట్‌కి ఒకటి. కోర్ అలాగే చేస్తుంది. నీ పాత డిలీట్ హుక్‌ని ఎవరైనా యాడ్‌ఆన్ వాళ్లు పట్టుకుని అటువైపు డేటా తుడుస్తుంటే, దాన్ని ట్రాష్ దగ్గర మోగించావంటే నీ దగ్గర రీస్టోర్ అవుతుంది, వాళ్ల దగ్గర అవ్వదు.

టేబుల్‌రాణి
ఫారంలో ఫైల్ అప్‌లోడ్ ఉందా? ఉంటే వరుసని ట్రాష్ చేసినా ఫైల్ పాత లింకుతో బయటికి తెరుచుకుంటూనే ఉంటుంది. రీస్టోర్ కావాలి కాబట్టి ఫైల్ తీసేయలేరు. లింకుని నేరుగా ఇవ్వకుండా మీ కోడ్ గుండా ఇవ్వండి, అక్కడ డిలీటెడ్_ఎట్ చూడండి.

ఇంకో ముఖ్యమైనది. ఎవరైనా "నా వివరాలు తీసేయండి" అని అడిగితే సాఫ్ట్ డిలీట్ దానికి జవాబు కాదు. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 17వ ఆర్టికల్ కింద అడిగినవాళ్లకి "దాచిపెట్టాం, కనపడదు" అంటే చెల్లదు. వర్డ్‌ప్రెస్ 4.9.6లో పర్సనల్ డేటా ఎరేజర్ వచ్చింది, మీ ప్లగిన్‌ని దానికి తగిలించండి. ఆ ఎరేజర్ ట్రాష్‌లో ఉన్నవాటిని కూడా వెతకాలి. మీ కొత్త క్లాస్ అలవాటుగా ఉన్నవే ఇస్తుంది కాబట్టి, తుడిచినవి అసలు దాని కంటపడవు.

రాత్రిబండి
అచ్చంగా అదే జరిగింది. ఎరేజర్‌కి మామూలు ఫంక్షనే ఇచ్చి ఉన్నాను. టెస్ట్‌లో ట్రాష్‌లో ఉన్న ఒక మనిషి పేరుతో ఎరేజర్ నడిపితే "డేటా ఏమీ లేదు" అంది. మీరు చెప్పకపోతే అలాగే వెళ్లిపోయేది.

సెమీకోలన్
నావంతు ఒక సీరియస్ మాట. అన్‌ఇన్‌స్టాల్ ఫైల్‌లో ఏముంది?

రాత్రిబండి
టేబుళ్లు డ్రాప్ చేస్తుంది. అదొక్కటీ సాఫ్ట్‌గా ఉండనక్కర్లేదు కదా?

సెమీకోలన్
మీ ఊహ మీది. మా దగ్గర ఒకాయన "రీఇన్‌స్టాల్ చేస్తే బాగవుతుంది" అని ప్లగిన్ తీసేసి మళ్లీ పెట్టాడు.

పాతచొక్కా
సెట్టింగుల్లో "ప్లగిన్ తీసేసినప్పుడు డేటా కూడా తుడువు" అని ఒక టిక్ పెట్టు, మామూలుగా టిక్ లేకుండా ఉండాలి.

రాత్రిబండి
పెట్టాను. ఈవారం విడుదల. ఇప్పటికి మూడు టేబుళ్లలో నాలుగేసి కొత్త కాలమ్‌లు, ఒక కొత్త యూనిక్ కీ, తీసేసిన పాతది ఒకటి, క్లాసులు మూడు. 37 చోట్లలో 36 మళ్లించాను. మిగిలిన ఒక్కటీ డాష్‌బోర్డు విడ్జెట్. ఎవరైనా చూస్తున్నారా అని లాగ్ పెడితే రెండు వారాల్లో ఒక్కరూ తెరవలేదు. దాన్ని మాత్రం హార్డ్ డిలీట్ చేశాను.